ఔట్ ఫ్లో 800 క్యూసెక్కులు

అమెరికాలో మనవాళ్ళ శనివారాలకి ఒక టెంప్లేటు ఉంటుంది. పొద్దున లేటుగా లేవడం, కాస్ట్కో, ఇండియన్ స్టోర్లో కరివేపాకు, సాయంత్రం ఎవరింట్లోనో పాట్ లక్. అక్కడ గ్రీన్ కార్డు డేట్లు, ఇళ్ళ రేట్లు, చివర్లో రాజకీయాలు. నాకు ఇవేవీ పడవని కాదు, పాట్ లక్ లో గోంగూర ఉంటే నేనే ముందుంటాను :-) కానీ 2021 నుంచి నా శుక్రవారం సాయంత్రాలకి ఇంకో అలవాటు వచ్చి పడింది. బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ వాళ్ళ పేజీ తెరిచి, ఫ్లేమింగ్ గార్జ్ డ్యామ్ నుంచి రేపు ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో చూడటం. 800 అయితే నీళ్ళలో నడవచ్చు. 2,000 దాటితే ఒడ్డు పట్టుకుని ఉండాలి. 4,600 అంటే టర్బైన్లన్నీ ఫుల్లుగా తిరుగుతున్నాయని, పడవ లేనివాడు ఇంట్లో పడుకోవచ్చని అర్థం.

క్యూసెక్కులు అనే మాట వినగానే మీకు ఎండాకాలం న్యూస్ పేపర్లు గుర్తొచ్చాయి కదూ. ఇక్కడివాళ్ళు సీఎఫ్ఎస్ అంటారు. రెండూ ఒకటే, సెకనుకి ఒక ఘనపుటడుగు. మా నాన్న ఇరిగేషన్ డిపార్టుమెంటులో వర్క్ ఇన్స్పెక్టర్ గా చేసి రిటైరయ్యారు. నా ఉద్యోగం గురించి ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా "ఏదో కంప్యూటర్లో కదరా" అని వదిలేస్తారు గానీ, ఈ డ్యామ్ గురించి మాత్రం వీడియో కాల్ లో ప్రతిసారీ అడుగుతారు. "ఔట్ ఫ్లో ఎంతరా? ఇన్ ఫ్లో ఏమైనా ఉందా?" ఫ్లేమింగ్ గార్జ్ పూర్తి నిల్వ దాదాపు 165 టీఎంసీలని చెబితే ఒక్క క్షణం ఆలోచించి, "సాగర్ లో సగం" అన్నారు. మొత్తం ఫ్లో 800 అని చెప్పినప్పుడు మాత్రం పగలబడి నవ్వారు. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది మరి. ఆయన లెక్కలో 800 అంటే పంట కాలవ!

సరే, ఆ పంట కాలవ ఎక్కడుందో చెప్తాను. యూటా రాష్ట్రానికి ఈశాన్యం మూల, వ్యోమింగ్ సరిహద్దుకి దగ్గరగా డచ్ జాన్ అని చిన్న ఊరు. డ్యామ్ కట్టేవాళ్ళ కోసం వెలసిన ఊరు. సాల్ట్ లేక్ సిటీ వైపు నుంచి నాకు మూడున్నర గంటల డ్రైవ్. చుట్టూ హై డెసర్ట్. ఎడారి అనగానే ఇసుక దిబ్బలు, ఒంటెలు ఊహించుకోకండి. సముద్ర మట్టానికి ఆరు వేల అడుగుల ఎత్తులో, ఎర్ర రాతి కొండలు, బూడిద రంగు సేజ్ పొదలు, అక్కడక్కడా జూనిపర్ చెట్లు, గడ్డకట్టించే చలికాలం ఉన్న ఎడారి అది. ఆ ఎర్ర రాళ్ళ మధ్యలో గ్రీన్ రివర్. 1869లో జాన్ వెస్లీ పావెల్ నాలుగు పడవల్లో తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని ఈ నది మీదే బయలుదేరాడు. ఎండలో రాళ్ళు మండుతున్నట్టు కనిపిస్తే ఫ్లేమింగ్ గార్జ్ అని పేరు పెట్టింది ఆయనే.

డ్యామ్ ఎత్తు 502 అడుగులు. దాని కింద నది పచ్చగా, పది పన్నెండు అడుగుల లోతున ఉన్న గులకరాయి కూడా లెక్కపెట్టగలిగేంత తేటగా ఉంటుంది. ఇలా డ్యామ్ కింద ఏర్పడే నదిని ఇక్కడ టెయిల్ వాటర్ అంటారు. సాగర్ కింద టెయిల్ పాండ్ అని వింటుంటాం కదా, ఆ టెయిలే ఇదీ. రిజర్వాయరు లోతుల్లోంచి వచ్చే నీళ్ళు కాబట్టి చల్లగా ఉంటాయి, మట్టి అంతా పైన రిజర్వాయర్లోనే దిగిపోతుంది కాబట్టి తేటగా ఉంటాయి. ట్రౌట్ కి సరిగ్గా ఇదే కావాలి. అందుకే ఎడారి మధ్యలో, డ్యామ్ నుంచి లిటిల్ హోల్ అనే చోటు దాకా ఉన్న ఏడు మైళ్ళలో, మైలుకి వేల లెక్కన ట్రౌట్ ఉంటాయి. ఒడ్డు వెంబడే కాలిబాట కూడా ఉంది.

ఇక ఫ్లై ఫిషింగ్. మనకి తెలిసిన గాలం వేరు. గాలానికి వానపామో పిండి ముద్దో గుచ్చి, బెండు కట్టి, నీళ్ళలో వదిలి, గట్టు మీద కూర్చోవడం. గోదావరి జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ వచ్చిన విద్యే. ఇక్కడ ఎర ఉండదు. చిన్న కొక్కేనికి దారం, ఈకలు, బొచ్చు చుట్టి పురుగులా కనిపించేలా చేస్తారు, అదే ఫ్లై. ఒక్కోటి బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. దానికి బరువే లేదు, మరి దూరంగా ఎలా విసరాలి? ఫ్లైని విసరరు, దారాన్ని విసురుతారు. లైను లావుగా, బరువుగా ఉంటుంది, కర్ర ఆ బరువుకి వెనక్కి ఒంగి ముందుకి తన్నినప్పుడు లైను గాలిలో చుట్ట విప్పుకుంటూ వెళ్ళి పడుతుంది. చివర ఉన్న ఫ్లై దానితో పాటు పోతుందంతే.

మనలాంటి వాళ్ళకి నచ్చే విచిత్రాలు ఇందులో బోలెడున్నాయి. కొక్కెం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, 22 నంబరు అంటే కళ్ళజోడు కావాలి. చివరి సన్న దారానికి 5ఎక్స్, 6ఎక్స్ అని పేర్లు. 11 లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో ఎన్ని వెయ్యో వంతుల మందమో వస్తుంది. 5ఎక్స్ అంటే 6 వెయ్యో వంతులు. ఎవడు డిజైన్ చేసాడో గానీ బ్యాక్ వర్డ్ కంపాటిబిలిటీ కోసం ఎవరూ మార్చలేదనుకుంటా :-)

ఇంకో సంగతి. ఫ్లైలు కట్టడానికి శ్రేష్ఠమైనవి కోడిపుంజు మెడ ఈకలు. వీళ్ళు గ్రిజ్లీ, డన్, జింజర్ అని రంగులు చెప్తుంటే నాకు సంక్రాంతి బరుల దగ్గర కాకి, డేగ, నెమలి, పింగళ అని పుంజుల రంగులు చెప్పే మా ఊరి పెద్దలు గుర్తొచ్చారు. ఒకప్పుడు ఇండియా నుంచి పుంజు మెడ ఈకలు ఈ పని కోసమే ఎగుమతి అయ్యేవి. మన దక్షిణాది అడవి కోడి ఈకలకైతే ఇంగ్లండులో ఫ్లైలు కట్టేవాళ్ళ దగ్గర చాలా గిరాకీ ఉండేది.

నాకు ఇదంతా నేర్పినాయన మా టీమ్ లోనే ఉండేవాడు. యాభై ఆరేళ్ళు, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. నా కోడ్ రివ్యూ చేసినంత నిదానంగానే నా కాస్టింగ్ నీ రివ్యూ చేసేవాడు. ఆయన చెప్పిన మొదటి పాఠం: "చేప నీ ఫ్లైని చూసి మోసపోదు, అది కదిలే తీరుని చూసి మోసపోతుంది." నీళ్ళు ఎంత వేగంగా పోతున్నాయో ఫ్లై కూడా అంతే వేగంగా పోవాలి. మధ్యలో లైనుని ప్రవాహం లాగిందా, ఫ్లై పడవలాగా గీత గీసుకుంటూ పోతుంది, చేప చూసి మొహం తిప్పుకుంటుంది. అందుకని లైనుని ఎప్పటికప్పుడు ఎత్తి పైకి వేస్తుండాలి. మొదటి ఏడాది నేను చేసిందంతా అదే.

ఇలాంటి నదికి నాలుగు కాలాలు నాలుగు రకాలుగా ఉంటాయి.

చలికాలంలో నది ఒడ్డున ఎముకలు కొరికే చలి. అయినా డ్యామ్ దగ్గర నది గడ్డకట్టదు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుందని ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్నాం గుర్తుందా? రిజర్వాయరు అడుగున ఉండేది ఆ నీళ్ళే, కిందకి వచ్చేవీ అవే. నది మీద ఆవిరి లేస్తుంటుంది. కర్రకున్న రింగుల్లో మాత్రం మంచు పేరుకుంటుంది, నాలుగు విసుర్లకోసారి గోటితో గీకాలి. ఆ కాలంలో దొరికే ఆహారం మిడ్జ్ అనే దోమలాంటి పురుగు. చేపలు లోతులో కదలకుండా నిలబడి, నోటి ముందుకి వచ్చినదాన్ని మాత్రమే తింటాయి. మనుషులు ఉండరు. రోజంతా ఒక గద్ద, నేను.

మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మబ్బు పట్టిన మధ్యాహ్నాలు చూసుకుని వెళ్ళాలి. బ్లూ వింగ్డ్ ఆలివ్ అని, రెక్కలు తెరచాపలా నిలబెట్టుకుని నీటి మీద కొట్టుకొచ్చే పురుగు ఒకటి వేలల్లో పైకి వస్తుంది. ఎండ కాస్తే రాదు. మనం పిక్నిక్ కి మబ్బేస్తే తిట్టుకుంటాం, ఇక్కడ మబ్బు కోసం శాటిలైట్ మ్యాప్ చూస్తాం.

మే సగం నుంచి జూన్ చివరి దాకా సికాడాలు. బొటనవేలంత నల్లటి కీచురాయి లాంటి పురుగు. జూనిపర్ చెట్ల మీద టిక్ టిక్ మని చప్పుడు చేస్తూ, ఎగరడం సరిగ్గా చేతకాక నీళ్ళలో పడుతుంది. ఏడాది పొడుగునా మెతుకు మెతుకు ఏరుకు తిన్న చేపకి ఒక్కసారిగా బూరె దొరికినట్టు! రెండడుగుల లోతు నుంచి దూసుకొచ్చి మింగేస్తాయి. ఈ ఆరు వారాల కోసమే ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. తర్వాత ఎండాకాలం అంతా మిడతలు, చీమలు, రాఫ్టింగు చేసే పిల్లల కేరింతలు.

అక్టోబరు వచ్చాక జనం తగ్గుతారు. మళ్ళీ ఆ ఆలివ్ పురుగులు వస్తాయి. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. ఆడ చేప తోకతో గులకరాళ్ళు ఊడ్చి పళ్ళెంలాంటి గుంట చేస్తుంది. చుట్టూ పాచి పట్టిన రాళ్ళ మధ్యలో అది తెల్లగా కనిపిస్తుంది. దాని మీద కాలు వేయకూడదు, అక్కడున్న చేపని పట్టకూడదు. ఈ రూలు రాసి ఉన్నా లేకపోయినా తెలిసినవాళ్ళెవరూ తప్పరు.

ఇంతవరకు చదివి "ఆహా, ప్రకృతి ఒడిలో" అనుకుంటున్నారేమో. అక్కడికే వస్తున్నాను. ఇందులో ప్రకృతి ఎంత అన్నదే నా ప్రశ్న.

డ్యామ్ కట్టకముందు ఈ నది ఇలా లేదు. వేసవిలో గోరువెచ్చగా, ఎర్రగా బురదతో, చలికాలంలో గడ్డకట్టి, మే జూన్ నెలల్లో మంచు కరిగి వరదలతో పోటెత్తేది. అందులో ట్రౌట్ బతకదు. అందులో ఉండే చేపలు వేరు. కొలరాడో పైక్ మిన్నో, దాదాపు ఆరడుగులు పెరిగేది. రేజర్ బ్యాక్ సక్కర్, వీపు మీద కత్తి అంచులాంటి గూని ఉండేది. బోనీటెయిల్, హంప్ బ్యాక్ చబ్. కొలరాడో నది పరీవాహక ప్రాంతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని చేపలు ఇవి. వీటిలో కొన్ని నలభై ఏళ్ళు కూడా బతుకుతాయి.

1962 సెప్టెంబరులో, డ్యామ్ గేట్లు మూసే ముందు, ప్రభుత్వ శాఖలు కలిసి గ్రీన్ నదిలో, ఉపనదుల్లో సుమారు 700 కిలోమీటర్ల పొడవున రోటెనోన్ అనే మందు కలిపాయి. అది మొక్కల వేర్ల నుంచి తీసే మందు, చేపల శ్వాసని దెబ్బతీస్తుంది. ఎందుకంటే ఆ పాత చేపలు చెత్త చేపలు, "ట్రాష్ ఫిష్" అని లెక్క. వాటిని తుడిచేసి, కొత్త రిజర్వాయర్లో, కింద నదిలో ట్రౌట్ వేసి స్పోర్ట్ కి వాడాలని ప్లాను. మందు ప్రభావం కిందకి పోకుండా బ్రౌన్స్ పార్క్ దగ్గర పొటాషియం పర్మాంగనేట్ కలిపి విరుగుడు ఏర్పాటు చేసారు. ఆ విరుగుడు పూర్తిగా పనిచేయలేదు, విషం డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్ దాకా వెళ్ళింది. విచిత్రం చూడండి, రేచెల్ కార్సన్ "సైలెంట్ స్ప్రింగ్" పుస్తకం వచ్చింది కూడా సరిగ్గా ఆ 1962 సెప్టెంబరులోనే.

ఆ తర్వాత వేసిన ట్రౌట్ ఎక్కడివి? రెయిన్ బో పసిఫిక్ తీరం నదులది. బ్రౌన్ అయితే 1883లో జర్మనీ నుంచి అమెరికాకి గుడ్ల రూపంలో వచ్చింది. పోనీ అవైనా హాయిగా ఉన్నాయా అంటే, మొదట్లో నీళ్ళు మరీ చల్లగా ఉండి సరిగ్గా పెరగలేదు. అందుకని 1978లో డ్యామ్ కి ఒక మార్పు చేసారు. ఎప్పుడూ అడుగు నీళ్ళే కాకుండా, ఏ లోతు నుంచి కావాలంటే ఆ లోతు నుంచి నీళ్ళు తీసుకునే ఏర్పాటు. అంటే వేసవిలో కాస్త పైనుంచి వెచ్చటి నీళ్ళు తీసి ట్రౌట్ కి నచ్చే టెంపరేచర్ ఇస్తారు. ప్రొడక్షన్ లో ఉన్న సిస్టమ్ కి పదహారేళ్ళ తర్వాత వేసిన ప్యాచ్ అన్నమాట. నేను మోకాలి లోతులో నిలబడి "ఆహా ఎంత తేట నీళ్ళు" అనుకునే నది ఒక మెషీన్ ఔట్ పుట్. సాల్ట్ లేక్ లో జనం సాయంత్రం ఏసీలు వేసుకుంటే ఇక్కడ నీటిమట్టం పెరిగిన రోజులున్నాయి.

మన దగ్గరా ఇలాంటిది లేకపోలేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన డెల్టా అన్నం తింది, నేనూ ఆ అన్నమే తిన్నాను, మా నాన్న జీతమూ ఆ కాలవల మీదే. కానీ సముద్రం నుంచి ఎదురీదే పులస పైకి పోవడానికి దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఆనకట్ట కింద దొరికే నాలుగు చేపలని వేలకి వేలు పోసి కొనుక్కుంటున్నాం. ఆనకట్ట వద్దని గోదావరి జిల్లాలో ఎవడూ అనడు, నేనూ అనను. ఏం పోగొట్టుకున్నామో మాత్రం లెక్క రాసి పెట్టుకోవాలి కదా.

మా అమ్మ ప్రశ్న ఇంకోటి. నేను చేపని పట్టి మళ్ళీ వదిలేస్తానని తెలిసి ఆవిడ ఆశ్చర్యపోయింది. "తినడానికైతే పట్టు నాన్నా, చంపిన పాపం తింటే పోతుందంటారు. ఊరికే మూతికి కొక్కెం గుచ్చి వదిలేయడమేంటి, దానికి నొప్పి పుట్టదూ?" పుడుతుంది అనే నేను అనుకుంటున్నాను. రెయిన్ బో ట్రౌట్ తల మీద నొప్పిని పసిగట్టే నాడులున్నాయని 2003లోనే బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. స్విట్జర్లాండులో అయితే వదిలేసే ఉద్దేశంతో చేపలు పట్టడం 2009 నుంచి చట్ట విరుద్ధం. అంటే మా అమ్మది పల్లెటూరి చాదస్తం కాదు, స్విట్జర్లాండు చట్టం :-) ఇక్కడ రూల్సు దానికి రివర్స్. ఎర వాడకూడదు, మధ్య సైజు చేపని కచ్చితంగా వదిలేయాలి. అలా వదలకపోతే ఇంతమంది పట్టేచోట రెండేళ్ళలో చేప మిగలదు.

అమ్మకి పూర్తిగా ఒప్పించే సమాధానం నా దగ్గర లేదు. నేను చేసేది ఇంతే. కొక్కెం ముల్లు నొక్కేస్తాను, చేయి తడిపి పట్టుకుంటాను, చేపని నీళ్ళలోంచి పైకి తీసి ఫోటోలు దిగను. అర డజను చేపలయ్యాక లైను చుట్టేసి గట్టు మీద కూర్చుంటాను. ఏడాదికోసారి రూలు ఒప్పుకున్న సైజువి రెండు తెచ్చి వేపుడు చేసుకుంటాను. (పులుసు పెట్టకండి, మెత్తటి చేప, గరిటె తగిలితే చారు అయిపోతుంది.)

ఇప్పుడు అసలు విషయం.

2023లో మా కంపెనీలో లేఆఫ్స్ అయ్యాయి. నాకు చేపలు పట్టడం నేర్పినాయన పోయాడు, నేను మిగిలాను. ఆయన పదకొండేళ్ళుగా చూసుకున్న మాడ్యూల్ నాకు, హైదరాబాదులో కొత్తగా తీసుకున్న నలుగురికి పంచారు. నేను హెచ్1బీ మీద ఉన్నవాడిని, నా ఉద్యోగం పోయుంటే అరవై రోజుల్లో పెట్టె సర్దుకోవాలి, ఆ వారమంతా నాకు నిద్ర లేదు. మిగిలానని తెలిసినప్పుడు సంతోషం వేసింది, ఆయన పేరు లిస్టులో ఉందని తెలిసాక ఆ సంతోషం గొంతులో ఇరుక్కుంది. ఫోన్ చేసి ఏదో చెప్పబోతే ఆయన మధ్యలోనే ఆపేసాడు. "నువ్వు కాకపోతే ఇంకొకరు. లిస్టు రాసింది నువ్వు కాదుగా. రేపు ఫ్లో ఎంతో చూసావా?" మర్నాడు ఇద్దరం వెళ్ళాం. రోజంతా కంపెనీ ఊసే ఎత్తలేదు. సాయంత్రం పడవ రేవు దగ్గర వేడర్స్ విప్పుకుంటూ, "ఆ బిల్లింగ్ జాబ్ నెలాఖరుకి రెండుసార్లు రన్ అవుతుంది, చూసుకో" అన్నాడు. అంతే.

ఒక పాట్ లక్ లో ఈ చేపల చరిత్ర అంతా చెబితే ఒక మిత్రుడు నవ్వుతూ "అయితే మనం కూడా ట్రౌటులమే బాసూ, ఇంపోర్టెడ్ సరుకు, లోకల్ కంటే బాగా పెరుగుతాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ పోలిక నాకు నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం మనల్ని చేపలతో పోల్చడం కాదు. ట్రౌట్ వచ్చి పైక్ మిన్నోని గెలవలేదు. గెలిచేంత పోటీయే జరగలేదు. ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని ఒక చేపకి "చెత్త" అని, ఇంకో చేపకి "స్పోర్ట్" అని లేబుల్ వేసి, నీళ్ళ టెంపరేచర్ మార్చేసారు. తర్వాత ఎవడు బాగా పెరిగాడో చూపించి "చూసారా, ఇదే మెరిట్" అనడం సుళువు. రిసోర్సు అనే మాట మనమీదా వాడతారు, ఆయనమీదా వాడారు. లేబుల్ వేసేవాళ్ళు ఎవరో మర్చిపోయి, మిగిలినవాడు పోయినవాడిని చూసి అప్ డేట్ కాలేదని నవ్వితే అది తెలివితక్కువతనం. లేబుల్ మారడానికి ఎంతోకాలం పట్టదు. 1962లో చెత్త చేప అన్న పైక్ మిన్నోని అయిదేళ్ళు తిరక్కుండా, 1967లో అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది కూడా అదే ప్రభుత్వం.

ఆ లిస్టు వల్లనే ఇప్పుడు మా జాలరులందరికీ ఒక తగువు వచ్చిపడింది. 2006 నుంచి ఈ డ్యామ్ కరెంటు కోసం, సాగు కోసం మాత్రమే కాకుండా కింద ఉన్న పాత చేపల కోసం కూడా నీళ్ళు వదలాలని నిర్ణయించారు. 2012 నుంచి ఇంకా పకడ్బందీగా చేస్తున్నారు. వసంతంలో కింద నదిలో రేజర్ బ్యాక్ పిల్లలు, వెంట్రుకంత సన్నటివి, మొదటిసారి వలలో కనిపించగానే డ్యామ్ కి కబురు వెళ్తుంది. అప్పుడు గేట్లు ఎత్తుతారు. వరదలో ఆ పిల్లలు పక్కనున్న చిత్తడి గుంటల్లోకి కొట్టుకుపోయి, వేరే చేపల నోట పడకుండా అక్కడ పెరుగుతాయి. టర్బైన్ల నుంచి 4,600, అవసరమైతే పక్క గొట్టాల నుంచి ఇంకో 4,000, మొత్తం 8,600 క్యూసెక్కులు. ఇది వచ్చేది ఎప్పుడు? మే, జూన్. అంటే సరిగ్గా మా సికాడాల ఆరు వారాల్లో! నాలాగా పడవ లేనివాళ్ళకి సీజను పోయినట్టే. "ఎవరికీ కనపడని చేప కోసం మా వీకెండ్లు పాడుచేస్తున్నారు" అని రేవు దగ్గర గొణుగుడు ప్రతి ఏడూ వినిపిస్తుంది. ఫ్లై షాపులకి, గైడ్లకి అది వీకెండ్ కూడా కాదు, తిండి. వాళ్ళ బాధని కొట్టిపారేయలేం.

అయినా ఈ విషయంలో నేను నీళ్ళు వదిలేవాళ్ళ పక్షమే. ట్రౌట్ కి ఏడాదిలో పదకొండు నెలలు నది ఉంది. అమెరికాలో చల్లటి నదులు ఇంకా వందలున్నాయి. రేజర్ బ్యాక్ కి ఉన్నది ఈ నదీ వ్యవస్థ ఒక్కటే, అందులోనూ ఆ రెండు మూడు వారాల వరదే. మనం ఒక పాత సిస్టమ్ ని తీసేసి కొత్తది పెట్టాం, కొత్తదాని మీద బతుకుతున్నాం, బాగుంది. పాతది పూర్తిగా చచ్చిపోలేదని తెలిసాక, ఏడాదికి రెండు వారాలు దానికి సర్వర్ టైమ్ ఇవ్వలేమా?

నీళ్ళు అందరికీ చాలని రోజులు వచ్చాయి కాబట్టి ఈ తగువు ఇంకా పెరుగుతుంది. 2022లో కింద లేక్ పావెల్ అడుగంటిపోతుంటే దాన్ని నిలబెట్టడానికి ఫ్లేమింగ్ గార్జ్ నుంచి అదనంగా 5 లక్షల ఎకరపు అడుగులు, మన లెక్కలో దాదాపు 22 టీఎంసీలు, వదలాలని ప్లాను వేసారు. నాన్నకి చెబితే, "పైవాడి గేటు, కింద వాడి గొంతు, ఎక్కడైనా ఇంతేరా" అన్నారు. కొలరాడో నీళ్ళని ఏడు రాష్ట్రాలు ఎలా సర్దుకోవాలో 2007లో రాసుకున్న నిబంధనలకి 2026తో గడువు ముగుస్తుంది. కృష్ణా ట్రిబ్యునళ్ళు చూసిన మనకి ఈ కథ ఎలా నడుస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ టేబుల్ దగ్గర వ్యవసాయం ఉంటుంది, నగరాలుంటాయి, కరెంటు ఉంటుంది. జాలరులకీ సంఘాలున్నాయి, వాళ్ళూ అరుస్తారు. రేజర్ బ్యాక్ తరఫున అరిచేవాళ్ళే తక్కువ.

నాకు ఈ దేశంలో ఓటు లేదు. డ్యామ్ ఆపరేషన్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు ఎవరైనా రాయొచ్చు, పౌరసత్వం అడగరు. పోయినసారి నేను రాసాను. ట్రౌట్ పట్టేవాడిని, సికాడా సీజను పోయినా ఫరవాలేదు, జూన్ వరద మాత్రం ఆపకండి అని ఒక పేజీ. పంపేముందు నా మాజీ టీమ్ మేట్ కి చూపించాను. రెండు కామాలు సరిచేసి, తన పేరు కూడా కింద పెట్టమన్నాడు. ఆయనకి ఇప్పుడు వేరే ఊళ్ళో, తక్కువ జీతానికి ఉద్యోగం దొరికింది, నదికి గంట దూరం పెరిగింది.

మీలో ఎవరైనా ఇటు వైపు వస్తే లిటిల్ హోల్ బాట మీద ఒకసారి నడవండి. గాలం పట్టుకోవక్కర్లేదు. నీళ్ళలోకి చూస్తే చాలు, ట్రౌటులు అక్వేరియంలోలా కనిపిస్తాయి. అక్టోబరులో అయితే తెల్లటి గులకరాళ్ళ గుంటల మీద కాలు పెట్టకండి. జూన్ లో వచ్చి నీళ్ళు ఎత్తుగా, వేగంగా ఉంటే విసుక్కోకండి, కింద ఎక్కడో వెంట్రుకంత పిల్లలు గుంటల్లోకి చేరుతున్నాయని అర్థం. ఆ చేపని నేను ఇంతవరకు కళ్ళారా చూడలేదు.